తొమ్మిది రోజుల లెక్క

ఆ ఆదివారం ఉదయం పెరట్లో ఉన్నవాళ్లం: నేను, నా రూమ్మేట్, ఆరు నెలలు ఉండడానికి వచ్చిన వాళ్లమ్మ. ఉన్నవి: కొక్కేనికి వేలాడే, పిట్టకి తీపి నీళ్లు పెట్టే ఎర్ర ఫీడర్, పూలు రాలిన మందార పొద, నా ఫోన్‌లో ఒక లెక్కల షీట్. లేనిది హమ్మింగ్‌బర్డ్.

హ్యూస్టన్‌కి దక్షిణాన మా అద్దె ఇంటికి అది చలికాలంలోనే వచ్చేది. మెక్సికో వైపు పక్షి. పచ్చని గొంతు, గోధుమరంగు పొట్ట. గాలిలో చిన్న పురుగుల్ని పట్టుకునేది, సాలెగూళ్లలోంచి సాలీళ్లను లాక్కునేది. మిగతా శక్తంతా తీపిలోంచే రావాలి. పూలు లేని రోజుల్లో దానికి నా ఫీడరే దిక్కు. అందులో ఒక వంతు తెల్ల చక్కెర, నాలుగు వంతుల నీళ్లు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు ముప్ఫై సార్లకు అటూ ఇటూగా వచ్చేది. రోజూ లెక్కపెట్టి షీట్‌లో వేసేవాణ్ని.

నాలుగు గంటల దూరంలోని కాపెల్ ఊళ్లో క్లయింట్ ఆఫీస్‌కి తొమ్మిది రోజులు వెళ్లాల్సి వచ్చింది. ఫీడర్‌ని ఎలా చూసుకోవాలో ఆరు అంశాలు రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటించాను.

"నీ పిట్టని నేను చూసుకుంటా మామా, నువ్వు డ్రైవ్ చెయ్," అన్నాడు రూమ్మేట్.

రోజూ లంచ్ వేళకి షీట్‌లో వాడు వేసిన అంకె నా ఫోన్‌లో కనపడేది. 31, 29, 33. అది చూశాకే అన్నం తినేవాణ్ని.

తిరిగొచ్చిన మర్నాడే ఆ ఆదివారం. సీసాలో నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

"ఇదేంట్రా?"

"ఎండకి అలా అయ్యుంటుంది."

"ఎండేంటి, బెల్లం!" అని ఆంటీ నవ్వింది. "తెల్ల చక్కెర మనమే మానేశాం కదా నాన్నా, ఆ చిన్న ప్రాణానికెందుకు? నువ్వెళ్లిన రోజే మార్చేశా. వీడికి చెప్పా కూడా."

బెల్లం నీళ్లు త్వరగా పులుస్తాయి. అందులోని ఇనుము ఆ పక్షికి చేటు. తేనె, బెల్లం వద్దన్నది కాగితంలో నాలుగో అంశం. ఇంగ్లీషులో రాశాను, ఆంటీ చదవలేదు. వాడు చదివాడు.

"పిట్ట వచ్చిందా ఆంటీ?"

"మొదటి రోజు రెండుసార్లు మూతి పెట్టింది. మళ్లీ కనపళ్లేదు. నీకు చెప్పొద్దన్నాడు, బాధపడతావని."

"అమ్మనేమంటాను రా," అన్నాడు వాడు. "అయినా పిట్టే కదా, లైట్ తీస్కో."

ఆంటీ మీద నాకు కోపం రాలేదు. షీట్ తెరిచి మళ్లీ చూశాను. వాడు రోజూ ఒకే అంకె వేయలేదు. నేను నమ్మేలా కాస్త పెంచుతూ తగ్గిస్తూ వేశాడు. వాన పడిన గురువారం 24కి తగ్గించాడు.

తొమ్మిది రోజులకు వాడు రాసిన మొత్తం 271. ఆంటీ చూసినవి 2.