బోర్లించిన డబ్బాలు

స్పూను కాడ మూత అంచు కింద పెట్టి మెల్లగా ఎత్తితే టక్కుమని చప్పుడైంది. ఆ వెంటే వాసన వచ్చింది. పాత ఎనామిల్ రంగు వాసన అది, కొంచెం టర్పెంటైన్, కొంచెం పాతనూనె, కొంచెం తుప్పు కలిసినట్టుంటుంది. నిన్న ఉదయం నాగ్‌పాడా నుంచి ఒకతను అట్టపెట్టె నిండా గుప్పిట్లో ఇమిడే రంగు డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టాడు. మనవాళ్ళ అబ్బాయే. తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే హిందీ. వాళ్ళ నాన్న విమానాల బొమ్మలు అతికించి రంగులు వేసుకునేవాడట. ఆయన పోయి ఏడాదైంది. చివరి విమానానికి ఒక రెక్కకు మాత్రం రంగు పడింది, రెండోది అలాగే ఉండిపోయింది, ఆ విమానమూ పెట్టెలోనే ఉంది. "మౌసీ, వహీ రంగ్ చాహియే. హో జాయేగా నా?" అని, అచ్చం అదే రంగు కలిపిమ్మని అడిగాడు. ఇవాళ నాలుగింటికి రమ్మని పంపాను. ఎండిపోయినవాటిని బతికించమని తెచ్చేవాళ్ళే అందరూ. ఎండకముందే మూత సరిగ్గా పెట్టుకోండి నాయనా అంటే వినే నాథుడు లేడు. ముప్పై ఏళ్ళుగా ఇదే చెప్పి నాకూ విసుగొచ్చింది.

నాకు ఈ పని నేర్పినవాడు నర్సిమ్లు మామ. నేను పాలమూరు నుంచి కోడలిగా కామాటిపుర పదకొండో గల్లీకి వచ్చేనాటికి ఆయన మా చాల్‌లో పక్కగదిలో ఒంటరిగా ఉండేవాడు. పది గదులకు ఒకటే వరండా, కాబట్టి ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ తెలిసేది. ఆయన గదిలోంచి మాత్రం కూర వాసన కాక రంగుల వాసన వచ్చేది. ఒక ఓడల కంపెనీ ఆఫీసులో అద్దాల పెట్టెల్లో పెట్టే నమూనా ఓడలకు మరమ్మతు చేయడం ఆయన ఉద్యోగం. ఆ మరమ్మతు విభాగం మూసేశాక, ఏదైనా విరిగితే ఓడనే ఇంటికి పంపేవారు. మేమందరం పాలమూరు వైపు నుంచి వలస వచ్చి ఈ ఊరి మేడలు కట్టిన కూలీల సంతానమే. ఆ సంగతి ఎత్తితే మామ నవ్వేవాడు. "మా తాత ఎన్ని బంగ్లలు కట్టిండో లెక్కలేదు, ఒక్కదాన్ల గూడ పండలే. నేను ఇన్ని ఓడలు జేసిన, ఒక్కటి గూడ ఎక్కలే. మా ఖాందాన్ తరీక అంతే బిడ్డా."

చీరలకు ఫాల్స్ కుట్టి కుట్టి మెడ పట్టేసినప్పుడు నేను ఆయన గుమ్మంలో కూర్చునేదాన్ని. చూస్తూ చూస్తూ చెయ్యి పెట్టడం మొదలైంది. మూత తీయగానే పుల్ల పెట్టి కలపబోతే ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. "ఆగు. మొదలు మీగడ తియ్యాలె. పాల మీదిదైతే నోట్లేసుకుంటం, దీని మీదిదైతే బయట పారేస్తం. లోపటికి గలిపితే ముద్దలు ముద్దలైతది." సూదితో అంచు వెంబడి కోసి, పొరను చిరగకుండా ఎత్తేవాడు. తర్వాత టర్పెంటైన్ చుక్కలు, మందు వేసే గొట్టంతో లెక్కపెట్టి మూడే మూడు. కలిపి, రాత్రంతా వదిలి, మర్నాడు మళ్ళీ రెండు. నాకేమో అంతా ఒక్కపూటలో తేలిపోవాలి. "నిదానమే ప్రధానం అంటరు గదా, అది రంగులోడే చెప్పి ఉంటడు" అనేవాడు. పని అయ్యాక అంచుకంటిన రంగు గుడ్డతో తుడిచి, మూత నొక్కి, మూత మీద అదే రంగు చుక్క పెట్టి, డబ్బాను బోర్లించేవాడు. బోర్లిస్తే రంగే మూత సందును మూసి గాలి చొరకుండా చేస్తుందట. పొర కట్టినా అడుగున కడుతుంది, తెరిచినప్పుడు అడ్డం రాదు. ట్రంకు పెట్టెలో ఆయన డబ్బాలన్నీ తలకిందులుగా వరసలు తీరి ఉండేవి.

ఒకసారి బతుకమ్మ పండుగ ముందు మా గదితో పాటు ఆయన గదీ దులిపాను. పనిలో పనిగా ట్రంకులో డబ్బాలు పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు సర్ది మెచ్చుకుంటాడని చూశాను. ఆయన గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు. "ఎవ్వరు ముట్టమన్నరు వాటిని?" వరండా అంతా వింది. నాకు ఏడుపొచ్చింది. రెండు రోజుల తర్వాత ఆయనే పిలిచి ట్రంకు ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్క డబ్బా తీసి "ఇదేం రంగు, చెప్పు" అని అడిగాడు. నేను చెప్తుంటే పాత వరసలోనే పెట్టుకున్నాడు. నాకు పరీక్ష పెడుతున్నాడనుకుని గట్టిగా, గొప్పగా చెప్పాను.

ఆ తర్వాతే వచ్చింది ఆవిరి ఓడ. మూరెడు పొడవు, ఎక్కడో కిందపడి దాని పైగదుల గోడల క్రీమ్ రంగు పెచ్చులు లేచిపోయింది. రెండు వారాల్లో కాకపోతే స్క్రాపులో వేస్తారని తెచ్చినతను చెప్పాడు. "ఎట్లేస్తరు? దాని అసలు రంగు నా దగ్గరుంది" అన్నాడు మామ. ఆ ఓడకు మొదట రంగు వేసిన ఉస్తాద్ కలిపిన డబ్బా అది, అడుగున కాస్త మిగిలింది. తెరిస్తే బెల్లం పాకంలా ఉంది. టర్పెంటైన్ అయిపోయింది. అది కొనడానికి ఆయన ఫోరస్ రోడ్డుకు వెళ్ళి ఎంతకీ రాలేదు. సాయం చేద్దామని నా తొందర. చేతికంటిన రంగును మేము కడుక్కునేది స్టవ్ కిరోసిన్‌తోనే కదా, చేతిమీది రంగును కరిగించేది డబ్బాలోదాన్ని కరిగించదా అనుకున్నాను. మా ఇంట్లోంచి తెచ్చి పోశాను. రేషన్ కిరోసిన్ నీలంగా ఉంటుందన్న సంగతి పోశాకే గుర్తొచ్చింది. క్రీమ్ రంగు పాచిపట్టినట్టు ఆకురంగుకు తిరిగింది. భయంతో మూత పెట్టి బోర్లించి వచ్చేశాను.

తిట్లకు సిద్ధపడి గోడకు చెవి పెట్టుకుని ఉన్నాను. ఏమీ వినపడలేదు. వెళ్ళి చూస్తే ఆయన ఓడ ఎడమవైపు గోడంతా ఆ రంగే పూస్తున్నాడు, చెయ్యి ఎక్కడా వణకకుండా. "జూడు బిడ్డా, ఎంత మంచిగ కలిసింది. అసలు రంగంటే అసలు రంగే" అన్నాడు. ఆకురంగు గోడకు పక్కనే పాత క్రీమ్ రంగు ఉంది. ఆయనకు తేడా కనపడలేదు. నా తప్పు బయటపడనందుకు సంతోషం కలగలేదు, నిజం చెప్పకుండానే వచ్చేశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళేసరికి ఆయన వేలు చూసుకుంటున్నాడు. రంగు ఆరలేదు, వేలికంటుకుంది.

"మామా, అది ఆకురంగు తిరిగింది" అన్నాను.

"దేంతోని గలిపినవ్?"

"గ్యాస్‌నూనె."

ఆయన గుడ్డ తీసుకుని వేలు తుడుచుకున్నాడు. "అడిగితే పోయేదేముండె బిడ్డా?" అన్నాడు. తర్వాత ఓడను చూస్తూనే అన్నాడు. "నేను గూడ అడగలే. మూడేండ్ల సంది తెలుపు, క్రీము, లేత రంగులన్ని ఒక్కతీరే కొడ్తున్నయ్ నాకు. డబ్బా ఏడ పెట్టిన్నో యాదుంచుకొని నడుపుతున్న. చెప్తే ఓడలు పంపుతరా?"

గోడ మొత్తం తుడిచి మళ్ళీ మొదలుపెట్టాం. తెలుపులో పసుపు చుక్క, గోధుమరంగు సూదిమొనంత. ఆయన కలిపేవాడు, నేను కిటికీ వెలుగులో పాత రంగు పక్కన పెట్టి చూసేదాన్ని. "ఎక్కువైందా?" అని ఆయన. "జర ఎక్కువైంది మామా" అని నేను. తడి రంగు అబద్ధమాడుతుంది కాబట్టి ప్రతి చుక్కా ఆరేదాకా ఆగాలి. నాలుగు రోజులు పట్టింది. నా బతుకులో అంత ఓపికగా ఇంకే పనీ చేయలేదు. ఓడ తీసుకుపోవడానికి వచ్చినతను "వాహ్, ఇదీ చెయ్యంటే" అన్నాడు. ఊరుకుంటే పోయేది. మామ ఊరుకోలేదు. "చెయ్యి నాదే. కండ్లు ఈ బిడ్డవి. నాకు కనిపిస్తలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఆఫీసు నుంచి ఒక్క ఓడ కూడా రాలేదు. ఆ మాట చెప్పినందుకో, పంపడానికి వాళ్ళ దగ్గర ఓడలే లేకనో నాకు తెలియదు. ఆయనను అడిగితే "హల్కగుంది బిడ్డా, బరువు దిగినట్టుంది" అని మాత్రం అన్నాడు. రెండు వానాకాలాలు గడిచాక పోయాడు. ట్రంకు నాకు వచ్చింది. నేను పాడుచేసిన డబ్బా కూడా అందులోనే బోర్లించి ఉంది, పారేయబుద్ధి కాలేదు.

ఇవాళ నాలుగింటికి నాగ్‌పాడా అబ్బాయి వచ్చాడు. అప్పటికి అతని డబ్బాల్లో పదకొండింటికి ప్రాణం వచ్చింది. నాన్న వేసిన రెక్కతో పోల్చడానికి రెండు మూతల మీద రెండు చుక్కలు పెట్టాను, ఒకటి తెలుపు, ఒకటి క్రీమ్. మధ్యాహ్నం నుంచి వాటిని వరండాలోకి, ట్యూబులైటు కిందికి మోస్తూనే ఉన్నాను. ఏది ఏదో, ఏది రెక్క రంగో నాకు తేలలేదు. ఈ ఏడాదిగా ఇదే వరస. ఏదో ఒకటి పూసి ఇచ్చేస్తే అతను గమనించకపోవచ్చు. గమనిస్తే రేపటి నుంచి డబ్బాలు తెచ్చేవాళ్ళుండరు, ఈ పని తప్ప నాకు ఇంకొకటి రాదు. మూతలు రెండూ అతని చేతిలో పెట్టాను.

"బేటా, నాకు ఈ రెండూ ఒక్కతీరే కనిపిస్తున్నయ్. నువ్వు జూసి చెప్పాలె."

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని, నాన్న వేసిన రెక్కను కిటికీ వైపు తిప్పి పట్టుకున్నాడు. నేను పసుపు చుక్క ఒకటి వదిలి కలిపాను.

"ఎక్కువైందా?" అని అడిగాను.