రెండో ప్రతి మా బావమరిది దగ్గర

మా ఆవిడ తమ్ముడి దుకాణం బజారులో ఓ మేడ మెట్ల పక్కన ఉంటుంది. మెట్ల కింద కాదు, పక్కన. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో నాకు ఈమధ్యనే తెలిసింది.

పాడైన కంప్యూటర్లను బాగుచేయడం అతని వృత్తి. ఇరవై ఏళ్లపాటు నేను అతన్ని చాటుగా ‘స్క్రూడ్రైవరు’ అనేవాణ్ణి. ఆ దుకాణంలో ఇద్దరు కూర్చుంటే, మూడోవాడు ఊపిరి పీల్చడానికి మొదటి ఇద్దరి అనుమతి అడగాలి. పెళ్లి ఫొటోలు పోయాయని, పరిశోధన వ్యాసం పోయిందని జనం అక్కడికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అలాంటివాళ్ల అరచేతిలో అతను ఓ చిన్న స్క్రూ పెట్టి, జాగ్రత్త, ఇది దొరకదు అంటాడు. అది ఎక్కడ జారిపోతుందోనన్న భయంలో ఏడుపు దానంతటదే ఆగుతుంది. ఎవరి కంప్యూటర్లో ఏం చూశాడో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇక నా సంగతి. నేను కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. ఆ శాస్త్రం వల్ల నాకు ఒనగూడిన ఏకైక లాభం, చేసిన ప్రతి తప్పూ ఎందుకు తప్పు కాదో మూడంచెల్లో నిరూపించగలగడం.

మా ఆవిడ నాటక సమాజాలకు దుస్తులు కుడుతుంది. నటుల కొలతలన్నీ పదకొండు పొడుగాటి పుస్తకాల్లో ఉండేవి. వాటినిండా మిషన్ నూనె మరకలు, సుద్ద పొడి. విజ్ఞాన యుగానికి ఇది అవమానమనిపించి, రెండు వేసవులు కూర్చుని అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. భుజం, ఛాతీ, చెయ్యి, చివర ఆమె సొంత వ్యాఖ్య. ‘ఎడమ భుజం అరంగుళం కిందికి.’ ‘కూర్చుంటే పొట్ట వస్తుంది, అడిగితే ఒప్పుకోడు.’ ఆ తర్వాత పుస్తకాలను పాత కాగితాలవాడికి సగౌరవంగా అప్పగించాను. ఇంకో కాపీ ఉందా అని ఆమె అడిగింది. సి డ్రైవులో ఒకటి, డి డ్రైవులో ఒకటి, మొత్తం రెండున్నాయని గంభీరంగా చెప్పాను.

అదే కంప్యూటర్‌లో నా ఆత్మకథ కూడా ఉంది. నాలుగువందల పన్నెండు పేజీలు. ఎవరూ రాయమనలేదు.

ఓ మంగళవారం ఉదయం ఆ పెట్టెలోంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. ఫైలు తెరవమంటే నేను టీ తాగి, కప్పు కడిగి వచ్చేదాకా తెరుచుకోలేదు. తర్కం ఉపయోగించి రోగం దుమ్మే అని తేల్చాను. ఊదాను. తగ్గలేదు. పెట్టె కింద నిఘంటువు పెట్టి వాలు సరిచేశాను. తగ్గలేదు. ఎక్కిళ్లు వచ్చిన పిల్లాడికి చరిచినట్టు మెల్లగా రెండు చరిచాను. అప్పుడు కంప్యూటరే జాలిపడి, తప్పులు వెతికి సరిచేయమంటావా అని తెర మీద అడిగింది. సరే అన్నాను. ఆరు గంటలు నమిలి, చివరికి ఫైలన్నది ఒక్కటీ లేకుండా తెర శుభ్రం చేసి చూపించింది.

మర్నాడే నాటకం వాళ్ల ఫోను. ముప్పై ఒక్కమందికి దుస్తులు, పదిహేను రోజుల్లో కావాలి. నటులు పర్యటనలో ఉన్నారు, ప్రదర్శన రోజునే దిగుతారు. కొలతలు మీ దగ్గర ఉన్నవేగా అన్నారు. మా ఆవిడ ఆ పుస్తకాలుండే ఖాళీ అరను మెల్లగా తుడిచింది. మా ఇంట్లో అలా తుడవడం చాలా దీర్ఘమైన ఉపన్యాసం. అది ముగించుకుని తమ్ముడికి ఫోను చేసింది.

అతను వచ్చి పెట్టెకు చెవి ఆనించాడు. ఏమేం చేశారని అడిగాడు. ఊదడం, నిఘంటువు, చరచడం, వరసగా చెప్పాను. ఆరు గంటల సంగతి వినగానే గోడకున్న ప్లగ్గు లాగేశాడు.

“చదివే ముల్లు డిస్కులో తిరిగే పళ్లెం మీద గీసుకుంటోంది బావా. మంచాన పడ్డవాణ్ణి ఆరు గంటలు పరిగెత్తించారు. సరే, రెండో కాపీ ఎక్కడుంది?”

“డి లో.”

“సి, డి ఒకే డిస్కు. ఒకే ఇంట్లో రెండు గదులు. ఇల్లు కూలుతుందని సామాను పక్క గదిలో పెట్టుకున్నారు.”

పేర్లు రెండైనంత మాత్రాన వస్తువులు రెండు కావు. పొద్దున కనిపించే వేగుచుక్క, సాయంత్రం పడమట మెరిసే చుక్క ఒకటే. ఈ ప్రశ్న ఇరవై రెండేళ్లు పరీక్షల్లో నేనే ఇచ్చాను. రాయలేనివాళ్లను నేనే ఫెయిల్ చేశాను.

డిస్కు విప్పి దుకాణానికి తీసుకెళ్లాడు. వెనకాలే మేమిద్దరం. తన యంత్రానికి తగిలించి కాసేపు కుస్తీ పట్టాక, తెర మీద పేర్లు కనిపించాయి. మా ప్రాణాలు లేచివచ్చాయి.

“ఇది ఎంతసేపుంటుందో చెప్పలేను. ఒక్కోటే లాగాలి,” అన్నాడు. “ముందు ఏది తీయమంటారు బావా? కొలతలా, మీ పుస్తకమా?”

చరిత్ర కోసం నిజమే రాస్తున్నాను. నేను గొంతు సవరించుకున్నాను. “తార్కికంగా చూస్తే,” అన్నాను, “కొలతలనేవి మళ్లీ తీసుకోవచ్చు. ఒక జీవితం అనేది...”

మా ఆవిడ మెడలోంచి కొలతల టేపు కూడా తీయకుండానే దుకాణానికి వచ్చేసి ఉంది. దాని కొసను వేలికి చుట్టుకుంటూ అంది, “మీ జీవితం మీకు గుర్తుంటుంది కదండీ. వాళ్ల చేతుల పొడుగు నాకు గుర్తులేదు.”

మూడంచెల్లో జవాబు వెతుకుతున్నాను. మొదటి అంచెకు వేలు కూడా మడిచాను.

“అక్కది సగం వచ్చేసింది,” అన్నాడు అతను, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

“మరి నన్నెందుకు అడిగావోయ్?”

“మీరేమంటారో విందామని.”

కొలతలన్నీ వచ్చాయి, పొట్ట ఒప్పుకోనివాడితో సహా. మా ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చుని ముప్పై ఒక్క పేర్లూ వేలుపెట్టి లెక్కచూసుకుంది. ఆ తర్వాత నా వంతు. ఒక అధ్యాయం వచ్చింది. టక్, టక్, టక్. పళ్లెం ఆగిపోయింది. అతను రెండుసార్లు మళ్లీ ప్రయత్నించి, స్విచ్చి ఆపి, నా అరచేతిలో ఓ చిన్న స్క్రూ పెట్టాడు.

“జాగ్రత్త బావా, ఇది దొరకదు.”

ఇరవై ఏళ్లుగా చూస్తున్న ఉపాయమే. అయినా దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

బతికి బట్టకట్టిన ఆ ఒక్క అధ్యాయం పేరు ‘అత్తవారి వైపు’. అందులో, చదువబ్బక మెట్ల కింద స్క్రూలు బిగించుకుంటూ కాలక్షేపం చేసే ఒకానొక బావమరిది గురించి పేజీన్నర ఉంది. సాయంత్రం ప్రతి తెచ్చి చేతికిస్తూ అన్నాడు, “ఫైలు తెరుచుకుంటోందో లేదో చూడాలి కదా. చూశాను. ఒక్కటే తప్పుంది బావా. మెట్ల కింద కాదు, పక్కన.”

ఇప్పుడు మా ఆవిడ కొలతలు మూడు చోట్ల ఉన్నాయి. కంప్యూటర్‌లో, తమ్ముడి అలమరలో, ఆమె మళ్లీ మొదలుపెట్టిన పొడుగాటి పుస్తకంలో. నేను ఆత్మకథ మళ్లీ రాస్తున్నాను. రెండో ప్రతి వేరే కప్పు కింద ఉండాలని అతని నియమం. అంటే అతని దగ్గరే. దాచేముందు ప్రతి ఫైలూ తెరిచి చూడటం అతని అలవాటు.

కాబట్టి ఈసారి ఆ అధ్యాయంతోనే మొదలుపెట్టాను. పైన మీరు చదివింది అదే. స్క్రూ ఇంకా తిరిగి ఇవ్వలేదు.