నేనూ నవ్వాను

గోదావరిఖనిలో నేను సోషల్ చెప్పే ప్రైవేటు స్కూల్లో గణిత దినోత్సవానికి మా బాపును అతిథిగా పిలిచారు. బాపు యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు. ప్రధాన సంఖ్యల మీద ఒక సిద్ధాంతం నిరూపించడానికి ముప్పై ఏళ్లు ధారపోసిన మనిషి.

బోర్డు మీద దాన్నే వివరించబోయారు. పది నిమిషాలకే మా హెడ్మాస్టర్ లేచి, "సారూ, గివన్నీ ఎందుకు? ఎంట్రెన్సుకు పనికొచ్చే షార్ట్‌కట్ ఒకటి చెప్పుండ్రి" అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. హెడ్మాస్టర్ నావైపు చూసేసరికి నేనూ నవ్వాను. బాపు అది చూశారు. చాక్‌పీస్ కింద పెట్టేశారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "ఇంట్ల నాకు చెప్పు బాపూ, వింట" అన్నాను.

"నువ్వే నవ్వినంక ఇంకెవలకు చెప్పాలె బిడ్డా?" అన్నారు.

ఆ తర్వాత బతికిన రెండేళ్లలో బాపు నా ముందు లెక్కల మాటే ఎత్తలేదు. నేనూ మళ్లీ అడిగే ధైర్యం చేయలేదు.