కెమెరా మింగిన చుక్కలు

మా బావ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అక్కకి పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క కప్పు టీ అయినా కుర్చీలో కూర్చుని పూర్తిచేసిన పాపాన పోలేదు. ఒక గుటక కిటికీ దగ్గర, ఒక గుటక గుమ్మం దగ్గర, మిగిలింది ఎక్కడో పెట్టి మరిచిపోతాడు. "మీ బావ వదిలేసిన కప్పులు వెతకడంతోనే నాకు సగం జీవితం గడిచిపోయిందిరా" అంటుంది అక్క. ఆయన చర్మవ్యాధుల ఆసుపత్రిలో ఫోటోగ్రాఫరు. నేను అక్కడే రికార్డుల గదిలో గుమాస్తాని. ఉద్యోగం ఇప్పించింది ఆయనే కాబట్టి ఆసుపత్రిలో నోరెత్తను. ఆ బాకీ అంతా ఇంట్లో తీర్చుకుంటాను.

ఆసుపత్రిలో ఫోటోగ్రాఫరుకి ఏం పని అని అందరూ అడుగుతారు. మచ్చలు, పుండ్లు, దద్దుర్లు తీయడమే పని. నీలం గుడ్డ పరిచిన బల్ల, రెండు పక్కలా ఫ్లాష్ దీపాలు, స్టాండు మీద కెమెరా. మూడు నెలలకోసారి అదే చెయ్యి, అదే దూరం నుంచి, అదే వెలుగులో. చెయ్యి ఎక్కడ పెట్టాలో గుడ్డ మీద సుద్దతో గీత కూడా గీసి ఉంచుతాడు.

తెల్లమచ్చలవాళ్ళకి ఈ ఫోటోలే జాతకం. లైటు గదిలో నిలబడి వైద్యం చేయించుకోవడానికి పన్నెండు మందికే చోటు. బయట ఎదురుచూసేవాళ్ళు డెబ్బై మంది. నెలకో సోమవారం డాక్టర్లు కూర్చుని పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూస్తారు. మూడు నెలల్లో మార్పు కనబడకపోతే ఆ చోటు తర్వాతి మనిషికి పోతుంది. ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసేది నేనే. కిందటి నెల ఒక దర్జీ పేరు కొట్టేశాను. ఆయన పొడుగు చేతుల చొక్కాకి బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఆ కెమెరా సంగతి. నాలుగు నెలల కిందట కొత్తది వచ్చింది. బావ రీళ్ళ కాలం మనిషి. ఆ రోజుల్లో ఫిల్ము డబ్బా మీద ఒక నంబరుండేది. నంబరు పెద్దదైతే కొంచెం వెలుతురుకే బొమ్మ పడేది గానీ, దాని మీద ఇసుక చల్లినట్టు ఉండేది. నంబరు చిన్నదైతే వెలుతురు ఎక్కువ కావాలి, బొమ్మ మాత్రం నున్నగా వచ్చేది. "ఎంత చిన్న నంబరైతే అంత శుభ్రం" అన్నది బావకి వేదవాక్కు. కొత్త కెమెరాలో నంబర్లు వంద నుంచి మొదలవుతాయి. వందకి కింద, ఎవరి కంటా పడకూడదన్నట్టు ఒక మూల, యాభై ఉంది. బావ దాన్ని పట్టుకున్నాడు. వందే ఇంత బాగుంటే యాభై ఇంకెంత బాగుండాలి! కెమెరాని యాభై మీద పెట్టి, దానికి సరిపడా ఫ్లాష్ రెట్టింపు చేశాడు. చామనచాయ చేతులు పట్టుగుడ్డలా వచ్చాయి. పెద్ద డాక్టరుగారు చూసి "బొమ్మలు బాగున్నాయే" అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడం అదే మొదలు. ఆ వారమంతా బావ కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఈసారి మీటింగుకి ముందు శనివారం మధ్యాహ్నం కండక్టరమ్మ వచ్చింది. సిటీ బస్సులో టికెట్లు కొడుతుంది. రెండు చేతుల మీదా, వేళ్ళ దాకా మచ్చలు. రోజూ వందలమంది ముందు చెయ్యి చాచే ఉద్యోగం. కొందరు టికెట్టుని చివర పట్టుకుని లాక్కుంటారని, కొందరు సీటు మీద పెట్టెయ్యమంటారని ఒకసారి ఫైలు రాయిస్తూ చెప్పింది. ఆరు నెలలుగా, డ్యూటీ ఏ షిఫ్టులో పడ్డా, ఒక్కరోజు మానకుండా లైటు గదికి వస్తోంది.

బావ ఫోటో తీశాడు. ఆవిడ లేచివచ్చి స్క్రీను చూసింది.

"ఇదేంటండీ, చుక్కలు రాలేదు?"

"ఏ చుక్కలమ్మా?"

"ఈ మచ్చ మధ్యలో చిన్న చిన్న గోధుమరంగు చుక్కలొచ్చాయి, రంగు తిరిగొస్తోంది. నాకు కనబడుతున్నాయి. మా అమ్మాయి కూడా లెక్కపెట్టింది. ఇందులో అంతా సున్నం కొట్టినట్టుంది."

"అలా అనిపిస్తుందిలేమ్మా, ఆశ కదా. కెమెరా అబద్ధం చెప్పదు."

"చేతి కంకణం చూసుకోడానికి అద్దం కావాలా అండీ? ఇదిగో, చెయ్యి మీ ముందే ఉందిగా!"

బావ అప్పటికే తర్వాతి మనిషి కోసం గీత సరిచేస్తున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆవిడ ఫైలు నా చేతికిచ్చి, "సోమవారం తీసేస్తారా నన్ను?" అంది. నేను ఆ ఫైలు సోమవారం కట్టలో పెట్టాను.

ఆదివారం నేను భోజనానికి అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి బీరువా దగ్గరికి. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు.

"చుక్కలట" అన్నాడు.

"బావా, అన్నం తిను" అన్నాను.

"సున్నం కొట్టినట్టుందట. సున్నం!"

చెయ్యి కడుక్కుని, సొంత కెమెరా తీసుకొచ్చాడు. అది కూడా ఆసుపత్రిదాని తోబుట్టువే, అందులోనూ ఆ యాభై ఉంది. తెల్లటి దేని కోసమో ఇల్లంతా వెతికి, చివరికి అక్క దిండు గలీబు లాగాడు. తెల్లగుడ్డ మీద తెల్లదారంతో అక్క స్వయంగా కుట్టిన పూలున్నాయి దాని మీద. ఎండ పడే కిటికీ దగ్గర దాన్ని ఆరేసి, మొదట యాభై మీద, తర్వాత వంద మీద తీశాడు.

"ఏమండీ, అది రాత్రే ఉతికాను!" అని అక్క అరిచింది. ఆయనకి వినబడలేదు.

యాభైలో తీసిన బొమ్మలో పూలు లేవు. కిటికీ వైపున్న సగం గలీబు ఒట్టి తెలుపు. వందలో తీసినదాంట్లో ప్రతి పువ్వూ, ప్రతి కుట్టూ ఉంది. ఇంకోసారి తీశాడు. ఇంకా నాలుగుసార్లు తీశాడు. తర్వాత కెమెరాతో వచ్చిన పుస్తకం వెతికి తిరగేశాడు. యాభైకి తగ్గిస్తే కెమెరా గుణం నిజంగా మారదట. లోపల అది వందలాగే పనిచేస్తూ, రెట్టింపు వెలుతురు మింగి, తర్వాత బొమ్మని నల్లబరిచి ఇస్తుందట. గ్లాసు పొర్లిపోయేదాకా పోసి తర్వాత సగం వంపేసినట్టు. గ్లాసులో సగమే కనబడుతుంది, పొర్లిపోయింది మాత్రం తిరిగిరాదు. నల్లటి చోట్ల నునుపు నిజమే. పోయిందల్లా తెలుపులో ఉన్న సన్నని తేడా. తెల్లమచ్చలవాళ్ళ బతుకంతా ఆ తేడాలోనే ఉంది.

అదంతా నాకు విప్పిచెప్పి, మా బావ కుర్చీలో కూర్చున్నాడు. కదలకుండా కూర్చున్నాడు. నాకు భయమేసింది.

"నాలుగు నెలలురా" అన్నాడు. "నాలుగు నెలలుగా అందరివీ ఇలాగే తీశాను."

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "ఇప్పుడేం మునిగిపోయింది బావా? రేపటినుంచి వంద మీద పెట్టు. ఎవరికి తెలుస్తుంది? పెద్ద డాక్టరు సంగతి తెలిసిందేగా. నీ ఉద్యోగంతో పాటు నాదీ ఊడుతుంది" అన్నాను.

అక్క గలీబు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే అడిగింది. "కిందటి నెల నువ్వు కొట్టేసిన పేరు ఎవరిదిరా?"

నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

సాయంత్రం బస్టాండులో మూడు బస్సులు ఎక్కి దిగాం. కండక్టరమ్మది ఏ రూటో నా ఫైల్లో ఉంది గానీ ఏ బండో లేదు. బావ ఒకచోట నిలబడడు. వచ్చే ప్రతి బస్సుకీ ఎదురు పరిగెత్తి, డ్రైవర్ల చేత తిట్లు తిన్నాడు. నాలుగో బస్సులో దొరికింది. జనం మధ్య నుంచి వచ్చి టికెట్టు చించి చెయ్యి చాచింది. బావ టికెట్టు అందుకోలేదు. వంగి ఆ చేతినే చూస్తున్నాడు. వెనకాయన "తీసుకోవయ్యా, దారికడ్డం" అన్నాడు.

"ఏంటండీ అలా చూస్తారు? అంటుకుంటుందనా?" అంది కండక్టరమ్మ.

"ఉన్నాయమ్మా" అన్నాడు బావ. "చుక్కలున్నాయి. తప్పు నీ కళ్ళది కాదు, నా కెమెరాది. కెమెరాది కూడా కాదు, నాది. రేపు పొద్దున ఎనిమిదింటికి రా. మీటింగుకి ముందే మళ్ళీ తీస్తాను."

ఆవిడ రెండు టికెట్లు నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, "ముందుకి జరగండి, ముందుకి" అని కేకేస్తూ వెళ్ళిపోయింది.

సోమవారం ఎనిమిదికి పది నిమిషాల ముందే వచ్చింది. సుద్ద గీతలో చెయ్యి పెట్టబోయి ఆగింది. "ముందు మీ కళ్ళతో చూడండి. తర్వాత దాంతో తీద్దురుగాని" అంది. బావ చూశాడు. ఎడమ చేతి మీద పదకొండు, కుడి చేతి మీద ఏడు. వంద మీద తీసిన ఫోటోలో పద్దెనిమిదీ పడ్డాయి.

తొమ్మిదింటికి ఆ ఫోటో, దిండు గలీబు ఫోటోలు పట్టుకుని బావ మీటింగు గదిలోకి వెళ్ళాడు. వెనకాల ఫైళ్ళతో నేను. చెప్పాల్సింది నిలబడే చెప్పాడు. పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగు నెలలుగా సార్."

"మేం వీటిని చూసి మనుషుల్ని పంపించేశామయ్యా!"

"ఒక్కర్నే సార్. దర్జీని."

అందరివీ మళ్ళీ తీయమన్నారు. బావకి మెమో ఇచ్చారు. ఉద్యోగం మాత్రం ఉంది. కండక్టరమ్మ చోటు ఆమెకే ఉండిపోయింది. దర్జీని వెతికి తీసుకురావాల్సిన పని మా ఇద్దరి మీద పడింది.

ఆయన కొట్టు ఒక మెట్ల కింద, మిషను పట్టేంత చోటు. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాకి మణికట్ల దగ్గర బొత్తాలు పెట్టుకునే ఉన్నాడు. మేం చెప్పిందంతా మిషను ఆపకుండానే విన్నాడు.

"ఫోటోలో లేదన్నారు కదా, లేదనుకున్నాను. ఆరోజు నుంచి చూసుకోవడం మానేశాను" అన్నాడు.

"ఒక్కసారి చూపించండి" అన్నాడు బావ.

చాలాసేపు కుట్టాక మిషను ఆపాడు. బొత్తాలు తీసి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. బావ మోకాళ్ళ మీద కూర్చుని, మిషను దీపం దగ్గరికి లాగి, ఊపిరి బిగబట్టి చూశాడు. నేనూ చూశాను. మోచేతి కింద, తెలుపు మధ్యలో, గుండుసూది తలంత చుక్కలు. తక్కువే, కానీ ఉన్నాయి.

"ఉన్నాయండీ. మీరే చూడండి" అన్నాడు బావ.

దర్జీ చెయ్యి చూసుకోలేదు. మా బావ భుజాన వేలాడుతున్న కెమెరా వైపు చూశాడు.

"ఊరికే అంటున్నారు మీరు. ఫోటో తీయండి, అందులో ఉంటే నమ్ముతాను" అన్నాడు.

మా బావ కెమెరా తీసి, నంబరు వంద మీద ఉందో లేదో ఒకటికి మూడుసార్లు చూసుకున్నాడు.