ఎన్నిసార్లడిగినా అదే జవాబు

మొన్న మా మనవరాలు మొహం వేలాడేసుకొని వచ్చి, కాగితాల కట్ట మంచం మీద పడేసింది. ఖమ్మంలో సైకాలజీ చదువుతుంది. మనుషుల ఆలోచన కొలిచే పరీక్షట, గళ్ళల్లో బొమ్మలు చూపించి ఖాళీ గడిలోకి ఏది వస్తదో చెప్పమని మా దమ్మపేట వాడకట్టు ఆడోళ్ళందరినీ అడిగింది. కొన్నాళ్ళాగి మళ్ళీ అవే బొమ్మలు పట్టుకొచ్చింది. రెండుసార్లూ ఒకే జవాబు వస్తేనే ఆ పరీక్షను నమ్మొచ్చట. నేను తప్ప అందరూ జవాబు మార్చిర్రు. ప్రాజెక్టు పోయిందని దాని ఏడుపు.

"నువ్వొక్కదానివే ఎందుకు మార్చలేదు అమ్మమ్మా?" అన్నది.

నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మన కాలంలో ఒకటికి రెండుసార్లు అడిగిర్రంటే మొదటి జవాబు నచ్చలేదనే లెక్క. కట్టెలమోపుతో అడవిలో ఎదురుపడ్డ గార్డుకైనా, ఇంట్లో అత్తకైనా, రెండోసారికి మాట మార్చి బతికినోళ్ళం. నలభై దాటినంక బడి వరండాలో అక్షరాలు దిద్దినప్పుడూ అదే బుద్ధి. హాస్టల్లో వంటపనికి చదువొచ్చినట్టు కాగితం కావాలంటే నేనూ మా వదినా పరీక్షకు కూర్చున్నం. నోటిలెక్కలు అడగడానికొచ్చిన సారు, నలుగురికి మానికెడు బియ్యమైతే ఎనమండుగురికెంత అన్నడు. రెండు మానికెలు అన్నది వదిన. ఆయన మళ్ళీ అడిగిండు. తక్కువ చెప్పిన్నేమోనని మూడు అన్నది. తప్పు అని రాసుకున్నడు.

తర్వాత నా వంతు. ఇరవై మందికెంతంటే ఐదు అన్న. ఆయన మళ్ళీ అడిగిండు. నాకు ఒళ్ళు మండింది.

"ఎన్నిసార్లడిగినా ఐదే సార్. ఇంకా కావాల్నంటే మీరొచ్చి వండుకోండి."

ఆయన పైన రేకుల దిక్కు చూపించిండు. "జర గట్టిగ చెప్పమ్మా, వాన సప్పుడుకు ఇనపడతలేదు."

అట్లయితే మా వదినను మళ్ళీ అడగమని కొట్లాడిన. రాసింది రాసిందే అన్నడు. కాగితం నాకొక్కదానికే వచ్చింది. నేను హాస్టల్ వంటింట్లోకి పోయిన, వదిన మిరపతోటల కూలికి పోయింది. ఆ తర్వాత ఆమె ఏ పరీక్షకూ కూర్చోలేదు, ఈ పిల్ల బొమ్మలు పట్టుకొచ్చిందాకా. ఇప్పుడూ జవాబు మార్చింది.

ఇదంతా విని మనవరాలు కళ్ళు తుడుచుకొని లేచింది. పరీక్షను పారేయలేదు, ఇల్లిల్లూ మళ్ళీ తిరిగింది. ఈసారి బొమ్మలు తీయకముందే, "మీరు తప్పు చెప్పిర్రని కాదు, మళ్ళీ అడగడమే నా పని, మీకు తోచిందే చెప్పుర్రి" అన్నది. చానామంది మొదటి జవాబుకే వచ్చిర్రు. మా వదినైతే మొదటిరోజు చూపిన బొమ్మ మీదే వేలు పెట్టి, "గిదే. రేపొచ్చి అడిగినా గిదే," అని నా దిక్కు చూసి నవ్వింది.

ఇప్పటి పిల్లలు అడిగేముందు ఎందుకడుగుతున్నరో చెప్తున్నరు. ఆ సారు కూడా వాన సప్పుడని ముందే ఒక్క మాట అని ఉంటే, అన్నేళ్ళూ ఆ హాస్టల్ పొయ్యి దగ్గర నా పక్కన మా వదిన ఉండేది.