మీసాలు తీసేసిన రాణి

రాణి వేషం నాకు కాదని ఒక మగాయనకు ఇచ్చారన్న కబురు ఆఫీసులో టీ తాగుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది మా నాటకానికి హార్మోనియం వాయించే తమ్ముడు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. దుబాయ్‌లో సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటూ పైపుల పని చేస్తాడు. సెలవు రోజున పెట్టె భుజాన వేసుకుని రిహార్సల్‌కి వచ్చేస్తాడు.

“అక్కా, కూసున్నవా, నిలవడ్డవా?” అన్నాడు.

“కూసున్న. ఏమైంది?”

“నీ వేషం ఆ బ్యాంకు సారుకిచ్చిండ్రట. మీసాలు తీసేస్తడట. మొగోనికి చీర కడ్తరట అక్కా, నీ అసొంటి మనిషి ఉండంగ!”

పగలబడి నవ్వాను. పక్క సీటు ఫిలిప్పీన్స్ అమ్మాయి ఏమిటన్నట్టు చూసింది. అవతల అతను నవ్వడం లేదని కాసేపటికి అర్థమైంది. అప్పుడు నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఆ వేషం నాకు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. కరోనాతో ఎవరిళ్లలో వాళ్లం కూర్చున్న రోజుల్లో మా తెలుగువాళ్లకు ఒక పాత పద్యనాటకం వేయాలన్న ఊపు వచ్చింది. శత్రువు దండెత్తి వస్తే, రాజు లేని కోటకు తలుపులు తెరవనని నిలబడే రాణి కథ అది. నాటకం ఆడించే పెద్దాయన అబుదాబిలో అకౌంట్స్ చూసేవారు, సొంతూరు గుంటూరు జిల్లా. అందరం మాస్టారు అనేవాళ్లం. వేషాలకు మనుషుల్ని ఎంచడానికి ఆయన పెట్టిన షరతు నాకు ఎంత నచ్చిందంటే, ఆ మెసేజ్‌ని మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. పేర్లు వద్దు, ఫొటోలు వద్దు, వాట్సాప్‌లో గొంతు మాత్రం పంపండి, పద్యం ఎవరు నిలబెడితే వేషం వాళ్లది అని.

నేను నల్లగా ఉంటాను. చామనఛాయ అన్నది పెళ్లిళ్ల పేరయ్యతో మా అమ్మ ఆడిన అబద్ధం. హనుమకొండలో చదువుకునేటప్పుడు స్కూలు నాటకాల్లో నాకు రాక్షసి, మంత్రగత్తె, మరీ కరుణిస్తే ముసలి దాసి. గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్లు. అని, నన్ను మైకు దగ్గర ప్రార్థనకు నిలబెట్టి, తెర లేచే సరికి పక్కకు పంపేవాళ్లు. పద్యాలు మా మేనమామ క్యాసెట్లలో విని నేర్చుకున్నాను. పెళ్లయి దుబాయ్ వచ్చాక వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని పాడుకునేదాన్ని. అలాంటి నేను బాత్రూమ్ తలుపు వేసుకుని, కోట తలుపు పద్యం రికార్డు చేసి పంపాను. మర్నాడు మాస్టారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. “ఈ గొంతు ఎవరిదో గానీ, మన రాణి దొరికింది.”

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నలభై దాటిన ఆడదాన్ని, పదేళ్ల పిల్లలా ఇల్లంతా తిరిగాను.

బయటికి రావడానికి అనుమతులు వచ్చాక దుబాయ్ కరామాలో ఒక తెలుగు మెస్సు పైఅంతస్తు హాల్లో మొదటిసారి అందరం కలిశాం. నా వంతు వచ్చినప్పుడు ముఖానికున్న మాస్కు తీశాను. మాస్టారు నావైపు చూసి, చేతిలోని కాగితాల వైపు చూసి, మళ్లీ నావైపు చూశారు. “పాడమ్మా” అన్నారు. పాడాను. ఆఖరి పాదం మీద రాగం తీస్తుంటే ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను కళ్లారా చూశాను. అందుకే మరుసటి వారం హార్మోనియం తమ్ముడు ఫోన్లో చెప్పిన మాట నా బుర్రకు ఎక్కలేదు.

“ఇడిసిపెట్టు అక్కా, ఖలాస్. నేను గుడ రాను పో” అన్నాడు అతను. రావాలని నేనే ఒట్టు పెట్టించుకున్నాను. వారంలో ఆ ఒక్కరోజే అతను మనిషిలా ఉంటాడు, అది నా కోసం ఎందుకు పోగొట్టుకోవాలి?

నేను మాత్రం ఊరుకోలేదు. రిహార్సల్‌కి అందరికంటే ముందు వెళ్లి మాస్టారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన ముందే తయారై ఉన్నారు.

“రామ్మా, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. నీకు చెలికత్తె వేషం ఉంచానమ్మా. ఒక పద్యం కూడా ఉంది. చాలా మంచి పద్యం.”

“నా గొంతు బాగాలేదా మాస్టారూ?”

“అయ్యో, గొంతుకేం తల్లీ! సరస్వతి.”

“మరి?”

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. “జనం చూస్తారు కదమ్మా. రాణి అంటే వాళ్ల మనసులో ఒక రూపం ఉంటుంది. మన పద్యనాటకంలో ఆడవేషాలు మగవాళ్లు కట్టడం అనాదిగా ఉన్నదే. కొత్తేం కాదు.”

నాకు ఒళ్లు మండింది. మా నాటకంలో పదహారేళ్ల యువరాజు వేషం వేస్తున్నాయనకు యాభై దాటాయి. ఆయన బొజ్జకు కవచం సరిపోక పక్కన తాళ్లు కట్టారు. యుద్ధంలో చచ్చిపడిన సేనాపతి, జనం వన్స్‌మోర్ అంటే లేచి మళ్లీ పాడి మళ్లీ చస్తాడు. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఇవన్నీ గడగడా అనేశాను.

“పైగా అందరికీ మేకప్ వేస్తారు. గోడకు సున్నం కొట్టినట్టు కొడతారు. అంత పూత కింద ఎవరి రంగు ఎవరికి కనపడుతుంది మాస్టారూ?”

“రంగుకేముందమ్మా, పూస్తే పోతుంది. కానీ ఇక్కడ నిన్నెరగనివాళ్లెవరు?”

“ఆయన్నెరగనివాళ్లు మాత్రం ఎవరు? సగం మందికి లోన్లు ఇప్పించింది ఆయనే కదా. చీరలో చూస్తే నవ్వరా?”

“నవ్వుతారు. నవ్వనీ. ఆయన్ని చూసి వేషం అనుకుంటారు.” మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, కూతురికి చెప్పినట్టు మెల్లగా చెప్పారు. “నిన్ను చూస్తే నీ ఆశ అనుకుంటారమ్మా.”

ఆ మాట ఆయన నన్ను నొప్పించాలని అనలేదు. నిజంగా నా మేలు కోరే అన్నారు. అదే నన్ను నిలువునా కూల్చింది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. కోపం మనిషిని నేను, నోరు కూడా తక్కువేం కాదు. అప్పుడు మాత్రం చెలికత్తె వేషం వద్దని తల ఊపి మెట్లు దిగి వచ్చేశాను. కింద మెస్సులో ఎవరో సాంబారు ఇంకొంచెం వేయమని అడుగుతున్నారు. మెట్రో స్టేషన్‌కి ఎటు వెళ్లాలో కాసేపు తోచలేదు. ఆ దారిన ఎన్నేళ్లుగానో నడుస్తున్నాను.

తర్వాత నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. ఊళ్లలో ఎన్ని నాటకాలో ఆడించిన మనిషి, జనం నాడి ఆయనకు తెలుసు. జనం నిజంగానే ఒప్పుకోరేమో. తప్పు ఆయనది కాదేమో. ఇలా అనుకుంటే కొంచెం నిద్ర పట్టేది. నాటకానికి వెళ్లననుకున్నాను గానీ, తీరా ఆ రోజు నేనే ముందు తయారయ్యాను. ఆ జనం ఎలా ఒప్పుకోరో నా కళ్లతో చూడాలనిపించింది.

ఒక స్కూలు ఆడిటోరియంలో వేశారు. హాలు నిండిపోయింది. మా పక్క సీట్లో మా అమ్మాయి క్లాస్‌మేట్ వాళ్లమ్మ, విజయనగరం ఆవిడ. తెర లేచి రాణి రాగానే హాలంతా ఒకటే నవ్వు. ముందు వరసలో ఒక పిల్ల “మమ్మీ, అంకుల్!” అని అరిచింది. లైటు పడినప్పుడల్లా గులాబీ రంగు పూత కింద గడ్డం నీలంగా కనిపిస్తూనే ఉంది. నడక సైనికుడి నడక. చెప్పొద్దూ, నాకు లోపల చల్లగా అనిపించింది. చూశారా, ఒప్పుకోరు అనుకున్నాను.

అప్పుడు కోట తలుపు పద్యం వచ్చింది. ఆయన కోసం శ్రుతి బాగా దించారు. నేను ఎక్కే చోటికి ఆయన ఎక్కలేదు, మధ్యలోనే సర్దుకున్నాడు. అయినా మనసు పెట్టి పాడాడు, కాదనను. మొదటి పాదానికి నవ్వులు తగ్గాయి. రెండో పాదానికి పిల్లలు కూడా ఊరుకున్నారు. ఆఖరి పాదం మీద రాగం తీసేసరికి హాల్లో చడీచప్పుడూ లేదు. ఆ వెంటనే వెనక నుంచి “వన్స్‌మోర్!” అని కేక. చప్పట్లే చప్పట్లు.

విజయనగరం ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నావైపు వంగి, “రాణి అంటే ఇలా ఉండాలండీ” అంది.

నేను వెనక్కి తిరిగి చప్పట్లు కొడుతున్న జనాన్ని చూశాను. ఆ గడ్డాన్ని, ఆ నడకను, ఆ మగ గొంతును దాటి వాళ్లు రాణిని చూసేశారు. అంత పెద్ద మనసు వాళ్లకు ఉంది, మొదటినుంచీ ఉంది. ఎవరూ వాళ్లను అడగలేదు, అంతే. నా రంగును దాటడానికీ వాళ్లకు ఆ ఒక్క పద్యమే సరిపోయేది.