పోయొస్తం అక్కా

యెరూషలేములో మా చర్చి బృందమంతా భక్తితో ఏడుస్తుంటే, నేను మా మేనత్త మోకాళ్ల కోసం బెంచీ వెతుకుతున్నాను. బొంబాయిలో పుట్టిన ఒక యూదు ముసలమ్మ జరిగి చోటిచ్చింది. మిర్యాలగూడ ఉర్దూతో అత్త ఆమె హిందీని అల్లుకుపోయింది.

"చిన్నప్పుడు ప్రతి పస్కా పండుగకు మా నాన్న 'వచ్చే ఏడు యెరూషలేములో' అనేవాడు. ఇప్పటికీ అంటాం," అందామె.

"వచ్చేశారు కదా, ఇంకెక్కడికి?" అన్నాను.

"తమ్ముడు బొంబాయిలోనే ఉండిపోయాడు. వాడి కోసం."

నా జోకు అక్కడే ఖతం.

బస్సు హారన్ కొట్టింది. "పోయొస్తం అక్కా," అని అత్త అలవాటుగా తెలుగులో అంది. నేను దాన్ని మక్కికి మక్కి హిందీలో చెప్పాను.

ముసలమ్మ నిజమే అనుకుంది. "మళ్లీ ఎప్పుడొస్తారు?"

ఆ మోకాళ్లతో మళ్లీ విమానం ఎక్కడం కష్టమని అత్తకు తెలుసు. "పోతున్నం అంటే మంచిగుండదు కదరా, గిప్పుడేం చెప్పాలె?" అని నాతో గొణిగి, ఆమె చేయి పట్టుకుని "వచ్చే ఏడు" అంది.

ముసలమ్మ నవ్వింది. "మావాళ్లు రెండు వేల ఏళ్లు అదే అన్నారు. తొందరేం లేదు."

మిర్యాలగూడ చేరాక అత్త రోజూ పొద్దున్నే మోకాళ్ల కసరత్తు మొదలుపెట్టింది. దాని మీద నేనింకా ఒక్క జోకూ వేయలేదు.